యుద్ధం పాఠంలో ఫోటో

భోజనాల బల్ల మీద రెండు ప్రపంచ చరిత్ర పుస్తకాలున్నాయి. బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్న కూతురికి భార్యాభర్తలు వాటిలో ఒకటి ఖాయం చెయ్యాలి. పిల్ల పక్కగదిలో లెక్కలు చేసుకుంటోంది.

"ఈ లావు పుస్తకమే తీసుకుందామండీ. గెలిచినవాళ్ల మాటలూ, ఓడినవాళ్ల మాటలూ రెండూ ఉన్నాయి."

"వద్దు. పల్చటిది చాలు."

"అందులో తేదీలు తప్ప ఏమున్నాయి? నిన్నటిదాకా దాన్ని తిట్టిపోసింది మీరే."

"వద్దన్నానా!"

"కారణం చెప్పకుండా వద్దంటే ఎలా?"

"మెల్లిగా మాట్లాడు, పిల్ల వింటుంది. యుద్ధం పాఠం తియ్యి. ఆ ఫోటో చూడు."

"కాలిపోయిన ఇళ్లు. వాటి ముందు సిపాయిలు... నవ్వుతున్నారేంటండీ?"

"ఎడమవైపు చివర నిలబడ్డవాణ్ణి చూడు."

"ఎవరూ... అయ్యో! ఆ దొప్ప చెవులు మన పిల్లవే కదా!"

"మా నాన్నవి."

"సైన్యంలో వంట చేశానని చెప్పేవారు మామయ్యగారు."

"మాకూ అదే చెప్పారు. తాతయ్యంటే నిప్పులాంటి మనిషని దాని నమ్మకం. ఈ పేజీ చూశాక మళ్లీ ఆయన మొహం చూస్తుందా?"

"ఈ పుస్తకం నేను వెతికింది కాదండీ."

"మరి?"

"మామయ్యగారే తెప్పించారు. 'యుద్ధం పాఠం వచ్చిన రోజు నన్ను పిలవమ్మా, పిల్ల పక్కన కూర్చుంటాను' అన్నారు. మనవరాలి చదువని ముచ్చటపడుతున్నారనుకున్నాను."