మైల తీరని ఇల్లు

"మామ్మా, మానవతావాదమంటే ఏటి? తాత పొద్దస్తమానం ఆ మాటే అనీవోడంట గదా. మా కాలేజీలో దాని మీద వ్యాసాల పోటీ పెట్టినారు."

ఓలమ్మ, ఆ మాట మా ఇంట్లో ఇనపడి నాలుగేళ్లవుతాదే గౌరీ. నాలుగా... కాదు, ఐదు. మీ అన్న పెళ్లికి ముందటేడు గదా ఆయన పోయినాది, ఐదే. అరుగు మీద కూకో, ఎండ రాదు అటు. నాను రాట్నం ఆపను మరి, తిప్పుతూనే సెప్తాను.

మా ఇంటాయన ఖద్దరు మూట బుజానేసుకుని ఇజీనారం ఎల్లీవోడు, అమ్మడానికి. పొందూరు బట్టంటే అక్కడ ప్లీడర్లూ మేష్టర్లూ ఎగబడి కొనీవోరు. అప్పుడు అర్ధణా పడేస్తే దోసె వచ్చీదిలే, ఇప్పుడేటొస్తాది. సరే, ఆ మేష్టర్లు సాయంత్రం మీటింగులు పెట్టుకునీవోరంట. ఈయన మూట పక్కనెట్టి ఇనీవోడు. ఒకనాడు ఇంటికొచ్చి గోడ మీద దేవుడి పటాలన్నీ తీసీసినాడు. ఇదేటయ్యా అంటే, పైన ఎవుడూ నేడే, మనిషికి మనిషే దిక్కు, దీన్నే మానవతావాదం అంటారన్నాడు. నానేడ్సినాను. పటాలున్న సోట గోడ తెల్లగా కనపడీది, అటు సూడ్డానికే బయమేసీది.

మనిషి మాత్రం మంచోడే. కలరా వచ్చినేడు పేటలో ఎవులూ ముట్టుకోని పిల్లోడ్ని బుజానేసుకుని మిషనాసుపత్రి దాకా నడిసినాడు. అక్కడ నర్సు మేరమ్మ, నువ్వు సూసుంటావు, తెల్లకోక కట్టుకుని వచ్చీది. ఆవిడా మానవత్వం అనే మాటే అనీది. కాకపోతే మనిషిలో దేవుడి పోలికున్నాది, అందుకే మనిషిని పేమించాల అనీది. పోలికా నేదు, ఏటీ నేదు, మనిషి మనిషే అని ఈయన. నానిచ్చిన టీ సల్లారిపోయీది గానీ ఆళ్ల వాదన తెగీది కాదు.

పక్కింట్లో మీ నాయనమ్మకి ఈ వాదాలేటీ పట్టవు. ఈయన దేవుణ్ణి ఏటైనా అంటే సాలు, గోడ అవతల నుంచి శాపనార్థాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఇంటాయన నోరు అంత మంచిది కాదులే.

పోయీముందు నా సేత మాట తీసుకున్నాడు. దినం సెయ్యొద్దు, బొట్టు తియ్యొద్దు, గాజులు పగలగొట్టుకోవద్దని. ఇవిగో, ఈ గాజులు అవే. కులపెద్దలు వచ్చి సెప్పినారు, దినం సెయ్యకపోతే ఎలాగమ్మా, ఊళ్లో ఉండాల గదా అన్నారు. మాటిచ్చీసినానన్నాను.

ఇజీనారం నుంచి ఆయన స్నేహితులొచ్చినారు. ఈదిలో బల్లేసి మాటాడినారు. ఎంత బాగా మాటాడినారంటే, నాకే తెలవని మనిషెవుడో పోయినట్టు నానేడ్సినాను. సాయంత్రం బస్సుకెల్లిపోనారు. నువ్వు తిన్నావా అని ఒక్కడడగనేదు. తప్పనటం నేదు, మాటలు మంచివే, ఇప్పటికీ తలుసుకుంటాను.

మేరమ్మ నా సెయ్యట్టుకుని ప్రార్థన సేసినాది. మా ఏసు గుడికి వచ్చీ అప్పా, అక్కడ నువ్వు ఒంటరిదానివి కావు అన్నాది. ఆయన వద్దన్న దేవుణ్ణి ఇంకో పేరెట్టి ఎలా తెచ్చుకోనే? ఎల్లనేదు. ఆవిడా తరవాత బొబ్బిలి ఎల్లిపోనాది, బదిలీ.

సావింట పొయ్యి ఎలిగించరు గదా. ఆయన అది వద్దు ఇది వద్దని అన్నీ సెప్పినాడు గానీ, ఆ పూట కూడు ఎవులు తెస్తారో సెప్పనేదు. దీపాలేళకి మీ నాయనమ్మొచ్చినాది. ఆయన్ని తిట్టిన నోరే గదా, ఆ నోటితోనే ఏడుస్తూ, తినవే, నువ్వూ పోతావేటే అంటూ అన్నం గిన్నె గడప ఇవతలెట్టినాది. లోపలికి రానేదు. దినం సెయ్యనేదు గదా, మైల తీరనేదంట.

ఈ రోజుకీ తీరనేదు. పండగొస్తే తెస్తాది, గడప దగ్గరెట్టి, నాను తిన్నదాకా బయట నిలబడతాది. అంత పేమ. లోపలికి మాత్రం రాదు. నూలు వడికీ ఆడోలు ముందు అందరూ ఈ అరుగు మీదే కూకునీవోరు, ఇప్పుడు మీ అరుగు మీద కూకుంటన్నారు. ఆళ్ల రాట్నాల సప్పుడు గోడలోంచి ఇనపడతాది. దాన్ని బట్టే నానూ తిప్పుతాను, ఆళ్లు ఆపితే ఆపుతాను. ఎవులూ సెడ్డోలు కాదే. అదే నాకు బాధ. సెడ్డోలైతే తిట్టుకునుందును.

ఏటి రాసీసినావు అన్నేసి? ముందు ముందు ఎటు పోతాదా, మానవతావాదం? పెద్ద ప్రశ్నే ఏసినారు మీ మేష్టర్లు. నాకేటి తెలుస్తాదే. దేశాలన్నీ తిరుగుతాది కాబోలు. నాకైతే ఈ గడప దాటితే సాలు.

అదిగో, మీ నాయనమ్మ పిలుస్తున్నాది. ఎల్లు, అన్నాలేళయినాది. మొదటి బహుమతి నీకే రావాల. ఎల్లు మరి...

ఓసి, అటు కాదే! లోపలికొచ్చీసినావేటే గుంటా? మీ నాయనమ్మ సూస్తే... సర్లే, అరుసుకోనీ. కూకో. ఆ పీట ఆయనదే, కూకో పరవానేదు. కంచమా? ఉన్నాది, కడిగే ఉన్నాది. రోజూ ఆయనదీ నాదీ రెండూ కడుగుతాను గదా. వంకాయ కూరే ఉన్నాది, కారం ఎక్కువైనాదేమో సూడు. నువ్వెక్కడున్నా నీ కంచం పక్కన ఇంకో కంచం ఉండాల తల్లీ. తిను. నానూ తింటాను.