గోల్‌కీపర్ వాళ్ళ నాన్న

ఆదివారం సాయంత్రం ఎదురింటి మెకానిక్ వచ్చి దర్జీ కొట్టు తలుపు తట్టాడు. దర్జీ కాస్త తెరిచి నిలబడ్డాడు.

“బాబాయ్, మన ఫుట్‌బాల్ టీమ్ గెలిచింది! ఇన్నాళ్ళూ ఓడి ఓడి, ఇవాళ పరాయి ఊరికెళ్ళి మరీ గెలిచారు.”

“రేడియోలో విన్నాన్రా.”

“చివర్లో ఆ పెనాల్టీ మీవాడు ఆపకపోతే గెలుపెక్కడిది? జనమంతా పాడుకుంటూ ఇటే వస్తున్నారు.”

“ఎవరు? పోయిన వారం మా కిటికీ మీద రాళ్ళేసినవాళ్ళేనా?”

“వాళ్ళే. అప్పుడు గోల్ వదిలేశాడని కడుపుమంట. ఇవాళ నెత్తిన పెట్టుకుంటున్నారు.”

“వచ్చే వారం మళ్ళీ వదిలేస్తే?”

“అలా అనకు బాబాయ్. వాడు ఫోన్ చేశాడా?”

“చేశాడు. గెలిచామని కూడా చెప్పలేదు. అమ్మ ఏమన్నా తిందా అని అడిగి ఏడ్చేశాడు.”

“పిన్ని తిన్నదా మరి?”

“రెండు ముద్దలు తిని ఇప్పుడే పడుకుంది. రాళ్ళు పడ్డ రోజు నుంచి ఆవిడకి కంటిమీద కునుకు లేదు.”

“వాళ్ళకేం చెప్పమంటావు?”

“తిట్టకు. వీధి చివరే ఆపి, పాటలు మానెయ్యమను. అవే గొంతులు కదరా. నిద్రలో వింటే మళ్ళీ కొట్టడానికొచ్చారనుకుని హడలిపోతుంది.”