పెద్దమ్మాయి, వంటింట్లో

ఆస్పత్రి గది. మంచం మీద కళ్ళకు కట్టుతో తండ్రి, పక్కన స్టూలు మీద చిన్న కూతురు, దిండు దగ్గర ఇంటి కబుర్లు చెప్పే చిన్న డబ్బా.

"అమ్మ, హాల్లో."

"విన్నావా? పొద్దుట్నుంచీ మీ అమ్మ హాల్లోనే ఉంది. కూర్చుందో, నుంచుందో మాత్రం చెప్పి చావదు ఈ డబ్బా."

"పేరూ, గదీ, అంతే నాన్నా. బాబాయి అంతవరకే పెట్టాడు."

"ఏం పెట్టాడో ఇంకోసారి చెప్పు. పక్క మంచం ఆయన అడిగితే నాకు చెప్పడం రాలేదు."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? ఇంట్లో అందరి మెడలో తలో బిళ్ళ. బిళ్ళ మీద ఒక్కొక్కరికి ఒక్కో గళ్ళ గుర్తు. ఏ గదిలో కెమెరాకి ఎవరి బిళ్ళ కనపడితే వాళ్ళ పేరు ఆ వీడియోలోనే కలిసిపోయి, ఎవరికీ కనపడకుండా ఇక్కడికి వచ్చేస్తుంది. నీ డబ్బా వీడియోలో బొమ్మని వదిలేసి పేరూ, గదీ మాత్రం బయటికి తీసి చదువుతుంది."

"పుస్తకంలో దాచిన చీటీ లాగన్నమాట."

"ఆఁ, అలాంటిదే. నాన్నా, నీతో ఒక మాట..."

"మొన్న 'చిన్నమ్మాయి, స్టోర్ రూములో' అని అరగంట చదివింది. బిస్కెట్ల దగ్గర అంతసేపు ఏం చేస్తున్నావు?"

"చదువుకుంటున్నా."

"బిస్కెట్ల మీద ఏం రాసుంటుందో నాకూ చెప్పు."

"నాన్నా! నవ్వించకు. రేపు నీ కట్టు విప్పుతారు. ఇక పేర్లు వినక్కర్లేదు, బొమ్మే చూస్తావు. అందుకే ఇవాళ నేనొక్కదాన్నే వచ్చాను."

"బస్సులో సీటు దొరికిందా?"

"దొరికింది."

"ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను. అక్క సంగతి చెప్పాలి."

"గొంతు ఎలా ఉంది దానికి? ఇంకా మాట్లాడొద్దనే అంటున్నారా డాక్టర్లు?"

"అక్క గొంతుకి ఏం కాలేదు."

"మంచిదేగా."

"మంచిది కాదు నాన్నా. గొంతుకి దెబ్బ తగల్లేదు. మీ బస్సు బోల్తా పడ్డప్పుడు... నీకు తెలివొచ్చేసరికే అక్క..."

"నీళ్ళు తాగు. ఆ సీసాలో ఉన్నాయి."

"నాకొద్దు. నన్ను చెప్పనీ. డబ్బాలో అక్క పేరు వస్తోందే, అది నేను. కాలేజీ నుంచి రాగానే నా బిళ్ళ తీసేసి అక్కది వేసుకుని తిరిగేదాన్ని. కాసేపు హాల్లో, కాసేపు వరండాలో. నీకు కాస్త ఓపిక వచ్చేదాకా చెప్పొద్దన్నారు. నీకు అక్క పేరు వినపడకపోతే అనుమానం వస్తుందని..."

"తెలుసు."

"ఏంటి?"

"తెలుసమ్మా. మొదటి రోజు నిజంగానే నమ్మాను. పక్క మంచం ఆయన్ని లేపి మరీ చెప్పాను, మా పెద్దది లేచి తిరుగుతోందని. తర్వాత్తర్వాత వింటుంటే... మీ ఇద్దరి పేర్లూ ఒక్కసారి కూడా కలిసి రాలేదు. అదొస్తే నువ్వుండవు, నువ్వొస్తే అదుండదు. దువ్వెన కోసం ఇల్లు పీకి పందిరేసే పిల్లలు ఇంత బుద్ధిగా వంతులేసుకుని తిరుగుతారా?"

"రెండూ ఒకేసారి వేసుకోవాలని చూశాను. అద్దంలో చూసుకుని తీసేశాను. నా వల్ల కాలేదు."

"ఎలా అవుతుంది? చిన్నపిల్లవి."

"మరి మమ్మల్ని అడగలేదేం?"

"అడిగితే ఆపేసేవాళ్ళు కదా."

"ఆపేసేవాళ్ళమే నాన్నా."

"కిటికీ పక్క సీటు నేనే ఇచ్చాను దానికి. గాలి తగుల్తుందని."

"నాన్నా, ఏడవకు. కట్టు తడుస్తుంది. డాక్టర్ నన్ను తిడతాడు."

"ఏడవట్లేదులే. మీ అమ్మ ఏమంటుంది?"

"ఏమీ అనదు. నేను ఆ బిళ్ళ వేసుకుంటే మొహం తిప్పుకుంటుంది. అక్క మాటెత్తితే లేచి వెళ్ళిపోతుంది. అక్క బట్టలు ముట్టుకోదు, పుస్తకాలు ముట్టుకోదు. ఒక్కసారి కూడా ఏడవలేదు నాన్నా. రాయిలా అయిపోయింది. నాకు ఒక్కోసారి ఒళ్ళు మండిపోతుంది."

"తప్పు. అమ్మ మీద కోపం తెచ్చుకోకు."

"కోపం కాదు, భయం. అక్కని మర్చిపోయిందేమోనని."

"ఆ బిళ్ళ ఇప్పుడెక్కడుంది?"

"ఇంట్లోనే. పడగ్గది తలుపెనక మేకుకి తగిలించి వచ్చా. ఇక దాన్ని వేసుకోను. ఆ మాట చెబుదామనే వచ్చాను. ఇవాళ్టితో అయిపోయింది నాన్నా, ఇక అక్క పేరు ఎప్పటికీ..."

"పెద్దమ్మాయి, వంటింట్లో."

"నాన్నా."

"ఊఁ."

"నేనిక్కడే ఉన్నాను."

"ఉన్నావు."

"ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ లేరు. బాబాయి కూడా ఊళ్ళో లేడు. నా చెయ్యి పట్టుకో."

"పట్టుకున్నా."

"పెద్దమ్మాయి, వంటింట్లో."

"డబ్బా పాడైనట్టుంది. పాతదేదో మళ్ళీ చదువుతోంది. కదా? పాతదే కదా?"

"పాడవలేదమ్మా. రోజూ ఈ వేళకి వస్తుంది."

"రోజూనా? ఈ వేళకి నేను కాలేజీలో ఉంటాను!"

"అవును."

"నేను వంటింట్లోకి వెళ్ళనే వెళ్ళను ఆ బిళ్ళతో. అమ్మ అక్కడుంటుందని. ఉండు, నా ఫోన్లో బొమ్మ వస్తుంది, చూస్తా."

"వద్దు. ఫోన్ లోపల పెట్టు."

"ఎవరో చూడొద్దా?"

"చూడొద్దు. రేపు నాకు కళ్ళొచ్చినా, ఈ వేళకి నేనూ చూడను."

"ఎవరు నాన్నా? ఎవరది?"

"అది వంటింట్లో ఉన్నంతసేపూ, ఇంట్లో మీ అమ్మ పేరు ఎక్కడా వినపడదు."