సరోజికి నేనిచ్చిన రంగు ప్యాకెట్టు

"అవ్వా, దీపావళికి ఆఫీసులో నా ఫ్రెండ్సుకు ఏమన్నా ఇయ్యాల. ఇద్దరూ బలే స్టయిలు. ఏమిస్తే బాగుంటాదో చెప్పు."

నన్ను అడుగుతాండావా? బాగా దొరికిందమ్మా నీకు మనిషి! జన్మంతా సెనక్కాయ చేన్లో కలుపు తీసినదాన్ని, స్టయిలు ఆడపిల్లలకు ఏమియ్యాల్నో నేను చెప్పాల్నా? ఆ ఫోన్ను అడుగు పవిత్రా, పొద్దస్తమానం దాన్నే కదా నిమురుతాంటావు. ఏదీ, ఇంతవరకు ఏం చూసినావో చూపీ. ఏందిది, కొవ్వొత్తా? వాసనొచ్చే కొవ్వొత్తా! దేశానికంతా కరెంటు పంపే ఊర్లో పుట్టి, ఆ సోలారు ఆఫీసులోనే పనిచేసే పిల్లలకు కొవ్వొత్తి ఇస్తావా? బాగుండాది. ఇయ్యి. ఒక అగ్గిపెట్టె కూడా ఇయ్యి.

సరే కూచో. ఆ సెనక్కాయలు ఒలుచుకుంటా విను, చేతులు ఊరికే యాల పెట్టుకునేది.

స్టయిలు మీరేం చూసినారులే. చూసింది మేము. మన వెనక వీధి సరోజవ్వ ఉండాదే, ఆయమ్మది స్టయిలు. నేనూ సరోజీ ఒకే ఏడు క్యాతగానచెర్లుకు కోడండ్లయి వచ్చినాము. కూలికి పోయేటప్పుడు మేమంతా చినిగిన చీర చెంగు నడుముకు చెక్కుకోని పోతాంటే, ఆయమ్మ తలనిండా కనకాంబరాలు పెట్టుకోని వచ్చేది. కలుపు తీసేకి! "ఎవరు చూడాలనే, సెనక్కాయ చెట్లా?" అంటే, "నాకోసరం పెట్టుకున్యా, నీకేం కష్టం" అనేది. అప్పుడు కూలి ఎంతంటే... రెండు రూపాయలు. కాదు కాదు, రెండు రూపాయలు మీ నాయన పుట్టినప్పుడు. అంతకు ముందు ఇంగా తక్కువే. దాంట్లో కూడా పూలకని పక్కన పెట్టేది ఆ మనిషి. వాళ్లత్త నెత్తీ నోరూ కొట్టుకునేది. ఆ అత్త సంగతి చెప్తే ఇంగొక కథ, వద్దులే.

ఇంగ సోలారు వచ్చినంక చూడాల ఆయమ్మను! భూములన్నీ కరెంటు పుట్టే అద్దాల కిందికి పోయె, కంపెనీ ఇచ్చే బాడిగ బ్యాంకులో పడె. అందరూ ఇండ్లు కట్టిరి, బోర్లు వేసిరి, మోటరుసైకిళ్లు తెచ్చిరి. సరోజి ఏం చేసె? బస్సెక్కి పావగడకు పోయి, దారంతో కనుబొమ్మలు పీకిచ్చుకోని వచ్చె! "నొప్పి లేదా?" అంటే "నొప్పి లేకుండా అందం యాడ్నించి వస్తాదే" అనె. కండ్లకు నల్లద్దాలు, తలకు రంగు, చేతిలో బ్యాగు. అంత బ్యాగులో ఏముండాదో అని ఒకనాడు తెరిచి చూస్తి. ఒక దువ్వెన, రొంత ఆకువక్క. అంతే.

వరమాలక్ష్మి పండగొస్తే ఆయమ్మ ఇల్లు చూడాల. ఊర్లో ముత్తయిదులందరినీ పిలిచి పసుపు కుంకుమ, రైక గుడ్డ, పైన ఒక స్టీలు డబ్బా ఇచ్చేది. మన ఊర్లో ఏ వంటింట్లో చూసినా సరోజి డబ్బాల్లోనే కదా కందిబేడలు ఉండేది.

ముత్తయిదులకే కదా పేరంటం. మీ తాత పోయినప్పుడు నాకింగా తల నెరవలే. ఆ ఏటి నుంచి నన్ను పిల్చినోళ్లు లేరు. వాళ్లనేం అనేకి లేదు, ఆచారం! ఆచారం శానా మంచిదమ్మా, ఖర్చు తగ్గిస్తాది. ఎవరన్నా మనసు కరిగి ఏమన్నా ఇచ్చినా, అది మట్టి రంగు చీర. గోనెసంచి కుట్టిచ్చుకున్యా తేడా తెలిసేది కాదు.

సరోజి మాత్రం పండగ మర్నాడు పొద్దున్నే వచ్చి, ఒక రైక గుడ్డ నా ఒళ్లోకి విసిరేసేది. ఇచ్చేది కాదమ్మే, విసిరేసేదే. ఒక ఏడు చిలకపచ్చ. ఇంగో ఏడు దానిమ్మపువ్వు రంగు. "ఇది తొడుక్కుంటే ఊరు నవ్వదా?" అంటే, "నువ్వు ఆ మట్టి రంగులో నా పక్కన నడుస్తాంటే నాకు అవమానమైతాది. నా పరువు కోసరం కుట్టిచ్చుకో" అనేది. ప్రేమగా ఒక మాటంటే నోట్లో పండ్లు రాలిపోతాయేమో! నేనూ తిట్టుకుంటానే కుట్టిచ్చుకున్యా. తొడుక్కున్యా కూడా. ఆ రైకలు లేకుంటే నేను గడప దాటి వచ్చేదాన్ని కాదు, నిజంగా చెప్తాండా.

తర్వాత ఆయమ్మ మొగుడు పాయె. మంచోడు పాపం, ఎదనొప్పి అని తుమకూరుకు తీసుకపోతాంటే దావలోనే ప్రాణం పాయె. ఇంగ చూడు మన ఊరి ఆడోళ్ల గిఫ్టులు! ఒకతి బూడిద రంగు చీర తెచ్చె. ఒకతి తవుడు రంగు. ఇంగొకతి తెచ్చిన దానికి ఏ రంగని చెప్పేకి పేరే లేదు. ఎంత ఆలోచన చేసి తెచ్చిరో, మహాతల్లులు! అందరూ ఆయమ్మ డబ్బాలు తీసుకున్నోళ్లే.

సరోజి నల్లద్దాలు బీరువాలో పెట్టేసె. తలకు రంగు మానుకునె. నడినెత్తిన సున్నంతో గీత గీసినట్ల తెల్లగా కనపడె. తలుపేసుకోని పండుకునేది, తిండి సరిగా తినదు. కోడలు మంచి పిల్లే, "ఏడ్చనీండి, వదిలేయండి" అనేది. వదిలేస్తే లేస్తాదా? నాకు భయమాయె. ఆ చీకటి గది నాకు తెలుసు కదమ్మా, నేనూ దాంట్లో పండుకోని వచ్చినదాన్నే. ఈ మనిషి ఇంగ లేయదేమో, నాకు ఇంగ ఎవరుండారని ఒకటే దిగులు.

వరమాలక్ష్మి పండగ వచ్చె. ఏటా ఊరికంతా తాంబూలం ఇచ్చిన ఇంటికి ఆ దినం ఒక్కతన్నా పోలే. నన్నూ ఎవరూ పిలవరు కాబట్టి నేను తీరుబడిగా బస్సెక్కి పావగడకు పోతి. మర్నాడు ఇచ్చేది ఈసారి నా వంతు కదా మరి. ఏమియ్యాల? నీ మాదిరే తల పట్టుకున్యా. అంగడోడు అన్నీ చూపిచ్చినాడు. గోడ గడియారం, ప్లాస్టిక్ పూలు, పొట్ట వేసుకోని నవ్వే బొమ్మ. "లేడీసుకు ఇది బాగా పోతాదవ్వా" అంటాడు. పోతాది, పోయి షోకేసులో కూచుంటాది. సరోజి ఇంట్లో గోడకొక గడియారం ఉండాది, ఏ రెండూ ఒక టైము చూపియ్యవు. రైక గుడ్డ ఇద్దామా అంటే, అదీ బీరువాలోకే పోతాది.

అప్పుడు అనుకున్యా, ఈ మనిషి ఏం మానుకునె? దాన్నే తీసకపోతా అని. తలకేసే రంగు ప్యాకెట్టు ఇయ్యప్పా అంటి. ఆయప్ప నా తెల్లతల చూసి "నీకా అవ్వా?" అనె. "కాదప్పా, మా ఎద్దుకు" అంటి.

మర్నాడు పోయి తలుపు తట్టలే, తోసినా. "లెయ్" అంటి. ప్యాకెట్టు చూసి అటుపక్కకు తిరిగి పండుకునె. "ఇదంతా యాల గంగీ, ఇప్పుడు ఎవరు చూడాలని?" అనె. నాకు కడుపు మండిపాయె. "కలుపు చేన్లో ఎవరు చూడాలని కనకాంబరాలు పెట్టుకొస్తాంటివే? ఆ తెల్లగీతతో నా పక్కన నడిస్తే నాకు అవమానం. నా పరువు కోసరం లెయ్!" అంటి. లేసి, పీట లాక్కోని, నాకు వీపు పెట్టి కూచునె.

ఇంగ నాకేమో రంగేసేది యాడ తెలుసు? గోరింటాకు మాదిరి ఎంతసేపుంచితే అంత బాగా పండుతాదనుకుంటి. పాత ముచ్చట్లు చెప్పుకుంటా ఉంచేసినా. రంగు నుదుటికి దిగె, చెవులకు దిగె. బోరు నీళ్లతో కడిగితే, మన ఉప్పు నీళ్ల సంగతి తెలుసు కదా, నురగే రాదు. జుట్టు కొబ్బరి పీచాయె. వంటింట్లో ఫిల్టరు నీళ్ల క్యాన్లు ఉంటే ఎత్తుకొచ్చి నెత్తిన గుమ్మరిచ్చినా. కోడలు లబలబలాడె, "అవ్వా, తాగే నీళ్లు! కాయిన్ వేసి పట్టుకొచ్చినవి!" అని. "మీ చేన్లో ఉండే ఆ సోలారు అద్దాలకు మంచి నీళ్లతో తలస్నానం చేపిస్తారంటనే, చేను ఇచ్చినామెకు చేపిస్తే తప్పా?" అంటి. ఆ పిల్ల నోరు మూసుకోని ఇంగో క్యాను తానే మోసుకొచ్చె.

సరోజి అద్దం తెమ్మనె. తల అటు తిప్పి ఇటు తిప్పి చూసుకునె. ఆపైన లేసింది చూడు నోరు! "ఏమే గంగీ, నుదురంతా మసి పూసినావు. చెవులు కాల్చిన వంకాయల మాదిరి చేసినావు. నాది బ్రౌను రంగే, ఇది నలుపు! నీకు ఏదీ కొనేకి రాదు, ఈ జన్మకు రాదు!" అని తిట్టుకుంటా ఏడిసె, ఏడుసుకుంటా నవ్వె. నేనూ ఏడిస్తి. ఆ తిట్లు వింటాంటే నాకెంత సంతోషమాయెనో చెప్పలేనమ్మే. అరిచినంక ఆకలైతాండాదనె. సంగటి ముద్ద పెడితే అంతా తినె.

ఊరు ఊరుకుంటాదా? "మొగుడు పోయి ఏడు తిరగలే, రంగు కావాల్సొచ్చెనా" అనిరి. అననీ. ఇప్పుడు పండగ మర్నాడు అనేది మా ఇద్దరి పండగ. కొత్త రైకలు తొడుక్కోని పావగడకు పోయి మసాల దోస తినేసి వస్తాము. నల్లద్దాలు పోయేటప్పుడు ఆయమ్మకు, వచ్చేటప్పుడు నాకు.

సరే, నీ సంగతికి వస్తాం. ఇద్దరు అన్యావు కదా. వాళ్ల స్టయిలు అట్ల పెట్టు. ఈ నడుమ ఎవరన్నా ఏమన్నా మానుకున్యారా?

"దీప... కొన్నాళ్ల నుంచి లిప్‌స్టిక్ వేసుకోదవ్వా. మాతో అన్నానికీ కూచోదు."

యాల మానుకునెనో అడిగినావా?

"లేదు."

అడగలే. కొవ్వొత్తి మాత్రం చూసినావు. శభాష్! మొదలు పోయి అడుగు తల్లీ, కొనేది ఆపైన కొందువు. ఏమియ్యాల్నో ఆ పిల్ల మొగమే చెప్తాది.

అదో, చెప్పుల సప్పుడు. సరోజి వస్తాండాది. నా ఒంటి మీది ఈ రైకకు ఇప్పుడు వంక పెట్టకుంటే అడుగు. పో, తలుపు తియ్ పో. నూరేండ్లు సల్లగా ఉండు పాపా. పొగిడేటోళ్లు ఎట్లన్నా దొరుకుతారు. నీ రైక రంగు బాగలేదని వాకిట్లోనించే తిట్టుకుంటా వచ్చేది ఒకతి, నువ్వు ముసలిదానివయ్యే దాకా నీకు ఉండాల.