కొంగ పిలిస్తే నలభై లారీలు

గాలి ఉధృతంగా ఉందని అమెరికాలోని వయోమింగ్‌లో హైవే మూసేశారు. లారీలు బారులు తీరాయి. డ్రైవర్లంతా హోటల్లో కాఫీలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ముసలి డ్రైవర్ వెర్నన్‌కు పండగే. ఈ రోజుల్లో అందరి చేతుల్లో ఫోన్లే, లారీల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో పిలిస్తే పలికే నాథుడు లేడు. ఇంట్లోనూ ఎవరూ లేరు. నాలుగు మాటలు ఆడాలంటే ఆయనకు ఇలా దారి మూసుకుపోవాల్సిందే.

"ఈ బుల్లి రేడియోని తక్కువ చెయ్యకండ్రా. సిగరెట్ లైటర్ బొక్కలో తీగ గుచ్చు, అయస్కాంతం యాంటెన్నా కప్పు మీద టక్కున పెట్టు. దిగేటప్పుడు పీకి సంచీలో వేసుకో. మొన్న మంచు తుఫానులో కొండెక్కుతున్నానా, వైపర్ కూడా కనపడట్లేదు. రేడియోలో నా మారుపేరు కొంగ కదా, మైకు తీసి, 'కొంగని మాట్లాడుతున్నా, ఎవరైనా ఉన్నారా?' అన్నాను. ఒకడు పలికాడు."

"ఒక్కడేనా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న డ్రైవర్ డ్వేన్.

"మొదట ఒక్కడే! చూస్తుండగానే నలభై లారీలు నా గొంతే ఆనవాలుగా వెనకాలే వచ్చేశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైనుంచి విమానం వాడు, 'కొంగగారూ, నాకూ దారి తెలియట్లేదు' అన్నాడు. నా బ్రేకు లైట్లు చూసుకుంటూ దిగమన్నాను, నలభై ఒకటో బండిగా దిగాడు."

"రెక్కలు మడుచుకున్నాడేమో!"

"మడవక? వంతెన ఇరుకు మరి! ఈలోగా పసిఫిక్ సముద్రంలోంచి ఓడ కెప్టెన్ లైన్లోకొచ్చాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఆ వేడికి మంచు కరిగి..."

"పోయిన మంగళవారమేగా?" పక్క బల్ల నుంచి రొట్టెల వ్యాను నడిపే రోండా అడిగింది. "నేనూ అదే ఛానల్లో ఉన్నాను. మీ గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. కొండ దిగేదాకా ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని మీరొక్కరే అడిగారు."

డ్వేన్ బల్ల చరిచి నవ్వాడు. వెర్నన్ తల దించుకున్నాడు. అబద్ధం బయటపడినందుకు కాదు, చివర్లో ఏడుపొచ్చిన ఆ గొంతు ఒకరు విన్నారని సిగ్గు. ఆ వెంటే కోపం ముంచుకొచ్చింది.

"విన్నదానివి, ఒక్క మాట పలికితే నీ సొమ్మేం పోయింది?"

"పలికాను బాబాయ్. ఆ పొద్దున పాత వ్యానులోంచి రేడియో పీకి కొత్తదాంట్లో పెట్టాను. యాంటెన్నా తగిలించడం మరిచిపోయి మైకు బొత్తం నొక్కాను."

డ్రైవర్లంతా అయ్యో అన్నారు. అలా నొక్కితే రేడియో లోపల కాలిపోతుంది.

"తర్వాత తగిలించినా, వినపడటమే గానీ నా మాట బయటికి వెళ్లలేదు. రేడియో పాడైపోయిందని తెలుసు. అయినా మీరు అడిగినప్పుడల్లా నొక్కి చెబుతూనే ఉన్నాను."

వెర్నన్ తలెత్తి ఆమె వైపు చూశాడు. "ఏమని?"

"ఉన్నాను, మీ వెనకే వస్తున్నాను అని."