ముగ్గురుంటేనే ఇంటర్వ్యూ

యూనివర్సిటీ ఆఫీసు రెండో అంతస్తు. ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద బావ, బావమరిది.

“కూర్చోరా, కూర్చో. నీళ్ళు తాగు.”

“సీసా ఖాళీ చేసేశాను బావా. పరీక్షల విభాగం గురించి ఏది అడిగినా సరే, హాల్ టికెట్లు, రీవాల్యుయేషన్, అన్నీ కంఠస్థం.”

“అవేమీ అడగర్లేరా.”

“అదేంటి? ఇన్నాళ్ళూ నూరిపోసింది నువ్వేగా!”

“అంటే... అడిగితే అడుగుతారు. కంగారు పడకు.”

“నేనెక్కడ పడుతున్నాను? పడుతున్నది నువ్వు. అవునూ, కొత్త చొక్కా, బూట్లకి పాలిషు! పెళ్ళిచూపులా?”

“ఊరికే.”

“ఊరికే అట! సర్లే. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే పోస్టులు ఎలాగూ పడట్లేదు, ముందు ఆఫీసులో దూరితే క్లాసు సంగతి తర్వాత చూసుకోవచ్చన్నావుగా. అందుకే నేను చేస్తున్న ప్రైవేటు కాలేజీలో రాజీనామా పడేసి వచ్చా.”

“ఏం పడేశావ్?”

“రాజీనామా. ప్రిన్సిపాలు సెలవివ్వనన్నాడు. నీ సెలవూ వద్దు, నీ ఉద్యోగమూ వద్దన్నాను.”

“ఓరి నీ తొందర పాడుగాను! నన్నొక్క మాట అడగొద్దూ?”

“నాకొదిలెయ్, నేను చూసుకుంటానంటివి. ఇంకేం అడగను?”

“అన్నాను... అన్నాను. దేవుడా.”

“బావా, ఇటు చూడు. ఏమైంది?”

“ఈ పోస్టు ఖాళీ లేదురా.”

“ఖాళీ లేకుండా ఇంటర్వ్యూ ఏంటి?”

“అందులో ఓ టెంపరరీ మనిషి ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాడు. అతన్ని పర్మినెంటు చెయ్యడానికే ఇదంతా. రూలు ప్రకారం ఇంటర్వ్యూకి ముగ్గురు రావాలి. ఇద్దరే తేలారు. మూడోవాడు లేకపోతే పోస్టే రద్దు.”

“అంటే నేను కూరలో కరివేపాకునా?”

“తప్పేరా. వారం నుంచీ అన్నం సయించట్లేదు. నీకు ఉద్యోగం ఉందిగా, ఓ పూట వచ్చి పోతావు, నీకేం నష్టం అనుకున్నా.”

“ఎవడా మహానుభావుడు? ఎవడి కోసం నన్ను... ఆగు. ఈ చొక్కా, ఈ బూట్లు... నువ్వా?”

“నేనే.”

“పెళ్ళప్పుడు పర్మినెంటనే కదా చెప్పారు!”

“అయిపోతుందనుకున్నాం.”

“సిగ్గు లేదూ?”

“ఉంది. అందుకే నీ మొహం చూడలేకపోతున్నా.”

“నేనిప్పుడు లేచి వెళ్ళిపోతే?”

“పోస్టు పోతుంది. నా సీటూ పోతుంది. వెళ్తానంటే మాత్రం ఆపను. ఆపే మొహం నాకు లేదు.”

“వెళ్ళను. నీ కోసం కాదు, అక్క కోసం. పాపం, ఇదేమీ తెలియక పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లు, బయల్దేరావా, చేరావా అని.”

“ఎందుకనుకున్నావురా ఆ ఫోన్లు?”

“ఎందుకేంటి?”

“మూడోమనిషి దొరకట్లేదు, వదిలేద్దామనే అన్నానురా నేను. నీ పేరు చెప్పింది మీ అక్కే.”