దుబాసీ నోరు

నవ్వకు. నేనేం చెప్పినా అలా తల ఊపి నవ్వకు తమ్ముడూ, నాకు మండుతుంది. తెలుగు ఒక్క ముక్క నీకు రాదని తెలుసు. అందుకేగా నీ మంచం పక్కన కూర్చుని తెలుగులో వాగుతున్నాను!

మొన్నటిదాకా హాయిగానే ఉండేది నా పని. ఓడరేవు ఆఫీసులో దుబాసీని. మీ టర్కీ ఓడ ఏదైనా వస్తే నన్ను పిలుస్తారు. కెప్టెన్ సరుకు గురించి అరుస్తాడు, మా ఆఫీసరు తిరిగి అరుస్తాడు. రెండు అరుపులూ నేను మామూలు గొంతుతో అటూ ఇటూ చేరవేస్తాను. ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. వాళ్లు "నేను" అంటే నేనూ "నేను" అనాలి. కోపం వాళ్లది, నోరు నాది. ఎంత సుఖం!

టర్కిష్ నేర్చుకుంటానంటే మా ఆయన ఏమన్నాడో తెలుసా? "నాతో పోట్లాడ్డానికి తెలుగు చాలడం లేదా?" అన్నాడు. మా అక్కయితే, "ఈ వయసులో మోకాళ్ల సంగతి చూసుకోవే, భాష దేనికి?" అంది. మొండికేసి నేర్చుకున్నాను. మాలాగే మీరూ ముక్కూమొహం తెలియనివాళ్లని వరసలు పెట్టి పిలుస్తారు. అక్కడే పడిపోయాను. జబ్బుపడ్డవాళ్లని చూడగానే "గెచ్‌మిష్ ఓల్సున్" అంటారు, ఈ కష్టం గడిచిపోవాలి అని. ఎంత బాగుందో అనుకున్నాను. ఇప్పుడు రోజూ ఈ గుమ్మంలో నిలబడి నీతో అదే అంటున్నాను. నోరంతా చేదు.

ఏంటీ, ఆ ప్లేటా? తీసేస్తాలే. ఉప్పు లేదంటావు, అంతేగా? ఓడలో వంటవాడివి, చేతుల నిండా పొయ్యి కాల్చిన మచ్చలున్నవాడివి, ఆస్పత్రి తిండి నీకేం ఆనుతుంది! కానీ ముద్ద దిగడం లేదుగా? ఉప్పు మీద పెట్టకు.

ఓడ నిన్ను దించేసి దాని దారిన అది పోయింది. ఇక్కడెవరికీ మీ భాష రాక మా ఆఫీసుకి ఫోన్ చేశారు. నేను వచ్చీ రాగానే "అబ్లా" అన్నావు. అక్కా అని! మా సొంత తమ్ముడు కూడా ఎప్పుడూ అంత నోరారా పిలవలేదు. ఫోన్లో నీ కూతురేమో పిన్నీ అంటుంది. నువ్వు అక్కా అంటే దానికి నేను మేనత్తనవ్వాలి కదా? మీ వరసలు మీవి.

ఇదంతా ఆ పిల్ల వల్లే. కాదులే, పిల్లనేమంటాను! "నాన్నకి జబ్బు సంగతి చెప్పకు పిన్నీ. అమ్మకి డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆవేళ గోడవైపు తిరిగి పడుకుంది, మళ్లీ మాతో మాట్లాడలేదు" అని ఏడ్చింది. సరేనన్నాను. ఎందుకన్నాను?

నిన్న పొద్దున డాక్టరుగారు నీ ముందే ఏమన్నారో విను. "ఊపిరితిత్తుల్లోంచి కాలేయానికి పాకింది. ఇక నేను చేయగలిగింది లేదు. ఇంటికి వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లాలి. ఇంకో వారం పోతే విమానం ఎక్కించలేం."

మరి నీకేం చెప్పాను? "నెమ్ము పట్టింది. నేను మంచి మందులే ఇస్తున్నాను. కాస్త బలం పుంజుకున్నాక వెళ్దురుగాని." ఆయన "నేను"నే వాడుకుని, ఆయన అనని మాటలు అన్నాను.

నువ్వేమో ఆయన చెయ్యి పట్టుకుని నవ్వావు. చావుకబురు విని నవ్వేవాణ్ణి ఆయనెక్కడ చూసుంటారు? "ఎంత ధైర్యం ఈయనకి!" అన్నారు. అది కూడా నీకు చెప్పలేదు.

ఆయన వెళ్లాక, "తొందరేం లేదు అబ్లా, ఓడవాళ్లు కొన్న టిక్కెట్టు తర్వాతి తేదీకి జరిపించు. నా కూతురి ముందు చక్రాల కుర్చీలో దిగను, నడిచే దిగుతాను" అన్నావు. నేను బుద్ధిగా వెళ్లి జరిపించి వచ్చాను. చూశావా నా తెలివి! నడిచే నాలుగు రోజులూ ఈ మంచం మీదే అయిపోయేలా చేశాను.

ఈ పొద్దున ఆ పిల్లకి విమానం సంగతి చెప్పాను. "నువ్వే చెప్పు పిన్నీ. నావల్ల కాదు" అని ఫోన్ పెట్టేసింది.

ఇదీ భాష నేర్చుకున్నందుకు బహుమానం. ఈ ఊళ్లో నువ్వు చచ్చిపోతున్నావని నీకు అర్థమయ్యేలా చెప్పగల నోరు ఒక్కటే ఉంది. అది నాది. ఈసారి "నేను" అన్నా అది నేనే. వెనకాల దాక్కోవడానికి డాక్టరూ లేడు, కెప్టెనూ లేడు.

సరే. తెలుగులో ఒకసారి అనేశాను, నోరు తిరిగింది. దిండు ఎత్తుగా పెడతాను, లేచి కూర్చో. కొంచెం నీళ్లు తాగు. ఇప్పుడిదంతా మీ భాషలో చెప్తాను. ఒక మాట కలపను, ఒక మాట తీయను.

నవ్వు ఆపు తమ్ముడూ. ఈసారి నీకు అర్థమవుతుంది.